ముందే అడగండి, ముందే చెబుతాం



ఈ సంచికకు గర్భిణుల్లో రక్తహీనత గురించి రాయమన్నారు. అది వచ్చే సంచికలో రాస్తాను. ఈసారి మన ఆసుపత్రి సుపీరియర్ సిస్టర్ గారిని అడిగి, వారు సరేనన్న తరువాత, వేరే విషయం రాస్తున్నాను. ఓపీలోనూ వార్డులోనూ ప్రతి వారం ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న ఇది: "సిస్టర్, ఇక్కడ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారా?"

చేయరు. మనది కతోలిక ఆసుపత్రి కనుక ట్యూబెక్టమీ గాని, వేసెక్టమీ గాని ఇక్కడ జరగవు. కాపర్-టి వేయరు, గర్భనిరోధక మాత్రలు ఇవ్వరు. ఈ సంగతి చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ ఒక్క నిమిషం మేము కేటాయించనందువల్ల ఒక తల్లికి ఏం జరిగిందో నా కళ్ళతో చూశాను. అందుకే ఈ వ్యాసం.

స్ట్రెచర్ మీద తెలిసిన మాట

నేను ఇక్కడ నర్సుగా చేరినప్పుడు మాదాపూర్ వైపు రాళ్ళగుట్టలు, సీతాఫలం చెట్లు ఎక్కువ, ఇళ్ళు తక్కువ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వరకు అద్దాల భవనాలు లేచాయి. వాటిలో పనిచేసేవారూ మన దగ్గరికే వస్తారు, వాటిని కట్టేవారూ మన దగ్గరికే వస్తారు.

కొన్నేళ్ళ క్రితం పాలమూరు వైపు నుండి వచ్చిన ఒక మేస్త్రీ భార్య మూడో కాన్పుకు మన దగ్గర పేరు రాయించుకుంది. మొదటి రెండూ పెద్దాపరేషన్లే. కడుపుతో ఉన్నన్నాళ్ళూ నాలుగుసార్లు ఓపీకి వచ్చింది. బరువు చూశాం, బీపీ చూశాం, రక్తపరీక్ష చేశాం, ఐరన్ మాత్రలు ఇచ్చాం. "ఈ కాన్పు తరువాత ఏమనుకుంటున్నారమ్మా?" అని మాలో ఎవ్వరమూ అడగలేదు.

కాన్పు రోజు ఆపరేషన్ థియేటర్ బయట సంతకం పెడుతూ భర్త అన్నాడు, "అమ్మా, మాకు పిల్లలు చాలు. ఇండ్లనే ఆ ఆపరేషన్ గూడ చేసెయ్యుండ్రి." డాక్టరు సిస్టర్ గారు మెత్తగానే, ఇక్కడ అది చేయమని చెప్పారు. స్ట్రెచర్ మీద పడుకున్న ఆమె నా చెయ్యి పట్టుకుని, "ముందుగాల చెప్తే ఇంకో దవాఖానకు పోతుంటి గద సిస్టరమ్మా" అంది. నా దగ్గర జవాబు లేదు. బిడ్డ క్షేమంగా పుట్టాడు. ఆరు వారాల తరువాత ఎక్కడైనా చేయించుకోవచ్చని చెప్పి పంపించాం.

చదువుకున్నవారికి ఇవి తెలుసనుకోకండి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక దంపతులు ఫైలులో అన్ని రిపోర్టులూ వరుసగా పెట్టుకుని వచ్చారు. రెండో కాన్పుతో పాటు ట్యూబెక్టమీ కూడా అయిపోతుందనుకుని సెలవులు సైతం లెక్క వేసుకున్నారు. తొమ్మిదో నెలలో మాటల సందర్భంలో అసలు సంగతి బయటపడింది. వారికి కారు ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, వారంలో వేరే ఆసుపత్రికి మారిపోయారు. మేస్త్రీ భార్యకు ఆ వెసులుబాటు లేదు.

ఎందుకు చేయరు?

ఇది మన డాక్టర్ల ఇష్టాయిష్టాల సంగతి కాదు, కతోలిక శ్రీసభ బోధ. 1930లో పదకొండవ పయస్ పోపు గారు, 1968 జులై 25 తేదీతో వెలువడిన 'హుమానే వీతే' అనే విశ్వలేఖలో ఆరవ పౌలు పోపు గారు, గర్భం రాకుండా కృత్రిమ పద్ధతులు వాడడం తగదని బోధించారు. దాంపత్య ప్రేమనూ సంతానానికి తెరిచి ఉండే మనసునూ మనిషి తన చేతులతో విడదీయకూడదన్నది దాని సారాంశం. 1975లో వాటికన్ మరింత స్పష్టంగా, సదుద్దేశంతోనైనా సరే, గర్భం రాకుండా చేయడమే లక్ష్యమైన ఆపరేషన్ కతోలిక ఆసుపత్రుల్లో జరగకూడదని చెప్పింది.

ప్రొటెస్టెంట్ సంఘాల దారి వేరు. 1930లోనే లాంబెత్ సమావేశంలో ఆంగ్లికన్ బిషప్పులు కొన్ని పరిస్థితుల్లో గర్భనిరోధాన్ని అనుమతించారు. అందువల్ల "మిషన్ దవాఖానలన్నీ ఒకటే, మా ఊరి మిషన్ దవాఖానలో చేశారు, ఇక్కడా చేస్తారు" అనుకోవద్దు. ఏ సంఘం వారి ఆసుపత్రో అడిగి తెలుసుకోండి.

మన తెలుగు నేలకూ కతోలిక ఆసుపత్రులకూ ఉన్న బంధం పాతది. ఆస్ట్రేలియా నుండి వచ్చిన డాక్టర్ మేరీ గ్లోరీ గారు 1920లో గుంటూరు చేరి, జె.ఎం.జె. సభలో మఠకన్యగా ఉంటూ వైద్యం చేశారు. మగ డాక్టరు ముందుకు రాలేక ఇళ్ళలోనే చనిపోతున్న తల్లుల కోసం ఆమె పాటుపడ్డారు. స్థానిక అమ్మాయిలకు వైద్యసేవలో శిక్షణ ఇచ్చారు. 1943లో ఆమె ప్రారంభించిన సంఘమే నేటి కతోలిక ఆరోగ్య సంఘం. దాని కేంద్ర కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. దేశం మొత్తం మీద 3,500కు పైగా సంస్థలు అందులో సభ్యులు. ఎవరూ పట్టించుకోని తల్లిని పట్టించుకోవడంతో ఈ ఆసుపత్రుల కథ మొదలైంది. నా మనసులో ఉన్న కష్టం కూడా అక్కడే ఉంది.

భయపడనవసరం లేనివి

కొందరు ఇంకో రకంగా పొరబడతారు. కతోలిక ఆసుపత్రిలో గర్భసంచికి సంబంధించిన చికిత్స ఏదీ చేయరనుకుని, జబ్బు ముదిరేదాకా రారు. అది నిజం కాదు.

జబ్బును నయం చేయడానికి అవసరమైన చికిత్స వల్ల పిల్లలు పుట్టే శక్తి పోయినా, ఆ చికిత్సకు శ్రీసభ అడ్డు చెప్పదు. 1968 విశ్వలేఖలోనే ఆ మాట ఉంది. గర్భసంచి క్యాన్సర్‌కు ఆపరేషన్ చేస్తారు. కాన్పులో రక్తస్రావం ఆగక ప్రాణం మీదికి వస్తే గర్భసంచి తీసివేస్తారు. ట్యూబులో గర్భం నిలిచి ప్రమాదమైతే ఆ ట్యూబు తొలగిస్తారు. నెలసరి జబ్బులకు హార్మోను మందులు అవసరమైతే రాస్తారు. ఇక ఏ విధంగానూ బిడ్డను మోయలేదని వైద్యులు నిశ్చయించిన గర్భసంచిని తొలగించడం నిషేధం కిందికి రాదని 2018లో వాటికన్ వివరణ ఇచ్చింది. కడుపునొప్పి, అధిక రక్తస్రావం, తెల్లబట్టలో దుర్వాసన, ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా రండి.

మన రాష్ట్రాల్లో ఇది చిన్న సంగతి కాదు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో ఆపరేషన్ చేయించుకున్నవారు తెలంగాణలో 100కు దాదాపు 62 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 మంది. దేశం మొత్తం మీద 38 మందే. ఆపరేషన్ చేయించుకున్న మగవారు దేశంలో 1,000కి ముగ్గురు. అదే సర్వేలో తెలంగాణలో 100 కాన్పుల్లో 60కి పైగా పెద్దాపరేషన్లే. ఈ రెండు లెక్కలూ కలిపి చూడండి. "కాన్పు ఆపరేషన్‌లోనే అది కూడా" అన్నది మన ఇళ్ళలో మామూలు మాట. దాన్ని ఆశించి వచ్చిన తల్లి తప్పు ఏమీ లేదు.

ఈ ఆపరేషన్ల చరిత్రలో కన్నీళ్ళు కూడా ఉన్నాయి. మన దేశం 1952లోనే ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఎమర్జెన్సీ కాలంలో 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ఎక్కువమంది మగవారు, ఎందరినో బలవంతంగా లాక్కెళ్ళారు. ఆ చేదు తరువాత భారం ఆడవాళ్ళ మీదికి మళ్ళింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఆ శిబిరాల తరువాత 13 మంది తల్లులు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్ళలో నిలిపివేయాలని ఆదేశించింది. అయినా 2022 ఆగస్టు 25న మన పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు జరిగి, నలుగురు తల్లులు ఇన్ఫెక్షన్‌తో ప్రాణాలు కోల్పోయారు.

మనిషి శరీరాన్ని లెక్కల కోసం వాడుకోవద్దని శ్రీసభ మొదటి నుండీ చెబుతున్నది. అది సరైన మాట. కాని మన గుమ్మం దాటి వెళ్ళిన తల్లి ఎక్కడికి వెళుతుందో, ఎలాంటి బల్ల మీద పడుకుంటుందో కూడా మనకు పట్టాలి కదా. ఏడో నెలలో తెలిస్తే ఆమె నలుగురినీ అడిగి మంచి ఆసుపత్రిని ఎంచుకుంటుంది. కాన్పు రోజున తెలిస్తే తరువాత ఎక్కడ దొరికితే అక్కడికే పోతుంది, లేదా అసలు పోదు.

ఆ తల్లి మళ్ళీ వచ్చింది

పైన చెప్పిన మేస్త్రీ భార్య ఆపరేషన్‌కు ఎక్కడికీ పోలేదు. చంటిబిడ్డ, ఇంకో ఇద్దరు పిల్లలు, చూసుకోవడానికి అత్త దగ్గర లేదు. భర్త పని మానితే ఆ రోజు కూలి పోతుంది. ఏడాది తిరగకముందే అయిదో నెల కడుపుతో మన ఓపీకి వచ్చింది. ఈసారి మాయ పాత కుట్టు మీదే అతుక్కుని ఉంది. పెద్దాపరేషన్లు పెరిగేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. కాన్పు రోజు రక్తం ఆగలేదు. సీసా వెంట సీసా ఎక్కిస్తూనే డాక్టర్లు గర్భసంచి తీసివేసి ఆమెను బతికించారు. బిడ్డ కూడా బతికింది. దేవునికి స్తోత్రం.

నాలుగో రోజు డ్రెస్సింగ్ చేస్తుంటే ఆమె అంది, "ఇప్పుడైతే తీసేసిండ్రు గద సిస్టరమ్మా. అప్పుడే చిన్నగ చేస్తే అయిపోవు గద."

కోపంగా అనలేదు. నేను ముప్పై ఏళ్ళుగా ఈ యూనిఫారం వేసుకుంటున్నాను, శ్రీసభ బిడ్డను, ఇక్కడి నియమాలకు లోబడే పనిచేస్తున్నాను. నియమం మార్చే అధికారం నాకు లేదు. కాని మౌనంగా ఉండమని ఏ నియమమూ చెప్పలేదు. నాలుగు ఓపీల్లో నోరు విప్పకపోవడం మా తప్పే. దానికి మూల్యం చెల్లించింది ఆమె.

ఆ తరువాత మేము పద్ధతి మార్చుకున్నాం. ఇప్పుడు గర్భిణి మొదటిసారి పేరు రాయించుకున్న రోజే నర్సు కూర్చోబెట్టి ఈ సంగతి చెబుతుంది. చెప్పినట్టు కేసు షీటులో రాస్తుంది. ఏడో నెలలో మళ్ళీ చెబుతుంది. ఓపీ గోడ మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషల్లో బోర్డు పెట్టాం. చదవడం రానివారికి చదివి వినిపిస్తాం. ఎవరైనా మీకు చెప్పకపోతే నా గదికి వచ్చి నన్ను అడగండి.

మీ హక్కులు

ఒకటి, నిర్ణయం మీది. ప్రభుత్వ నిబంధనల ప్రకారం ట్యూబెక్టమీకి భార్య సంతకం చాలు, భర్త అనుమతి తప్పనిసరి కాదు. అలాగే ఎవరి బలవంతం మీదా, డబ్బు ఆశ మీదా చేయకూడదు. వద్దనే హక్కు కూడా మీదే.

రెండు, మీ కేసు కాగితాలు మీవి. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆపరేషన్ కోసం ఫలానా చోటికి వెళ్ళండని మేము చీటీ రాయం. కాని మీ రిపోర్టులు, స్కానింగులు, పాత ఆపరేషన్ వివరాలు అన్నీ మీ చేతికి ఇస్తాం. వేరే చోట కాన్పు చేయించుకున్నంత మాత్రాన మీ మీద మాకు కోపం ఉండదు. బిడ్డకు టీకాలకు మళ్ళీ మన దగ్గరికే రావచ్చు.

మూడు, అదే నియమావళిలో మరో మాట ఉంది. వైద్యపరమైన అవసరం ఉన్నప్పుడు కేవలం మత కారణం మీద డాక్టరు సంతాన నిరోధానికి సంబంధించిన సహాయం నిరాకరించరాదని అందులో రాసి ఉంది. శ్రీసభ బోధకూ ఈ నియమానికీ మధ్య ఇరుకు ఉంది. దాన్ని దాచిపెట్టడం వల్ల ఎవరికీ మేలు లేదు. గుండెజబ్బు, కిడ్నీ జబ్బు, లేదా పాత కుట్ల వల్ల ఇంకో గర్భం మీ ప్రాణానికి ముప్పు అని ఎవరైనా డాక్టరు చెప్పి ఉంటే, ఆ సంగతి మొదటి ఓపీలోనే చెప్పండి. కాన్పు ఎక్కడ జరగాలన్నది అప్పుడే ఆలోచించుకోవచ్చు.

మన దగ్గర దొరికేది

మన దగ్గర సహజ కుటుంబ నియంత్రణ నేర్పుతాం. ఆస్ట్రేలియాకు చెందిన డాక్టర్ జాన్ బిల్లింగ్స్ గారు 1950లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. తరువాత ఆయన భార్య డాక్టర్ ఎవలిన్ గారు కూడా అందులో పాలుపంచుకున్నారు. యోనిద్రవంలో వచ్చే మార్పులు గమనించి, గర్భం వచ్చే రోజులను గుర్తించి, ఆ రోజుల్లో దూరంగా ఉంటారు. మందు లేదు, ఖర్చు లేదు.

దీని పరిమితి కూడా చెప్పాలి. 1970ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ బెంగుళూరుతో కలిపి అయిదు కేంద్రాల్లో దీన్ని పరీక్షించింది. 100 మంది స్త్రీలలో 93 మంది మొదటి నెలలోనే గుర్తులు పట్టగలిగారు. నియమం తప్పకుండా పాటిస్తే ఏడాదిలో గర్భం వచ్చేది 100కు ముగ్గురి లోపే. కాని తప్పినవారిని కూడా కలుపుకుంటే దాదాపు 20 మందికి గర్భం వచ్చింది. అంటే భర్త సహకారం లేకపోతే ఈ పద్ధతి నిలవదు. తాగి వచ్చే భర్త, నైట్ షిఫ్టు చేసి ఎప్పుడో ఇంటికి చేరే భర్త ఇద్దరూ ఇందులో ఓడిపోతారు. అందుకే మేము దంపతులిద్దరూ వస్తేనే తరగతి తీసుకుంటాం.

బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ పట్టకుండా, రాత్రీ పగలూ ఇస్తూ, నెలసరి తిరిగి రాకుండా ఉంటే మొదటి ఆరు నెలల్లో గర్భం వచ్చే అవకాశం 100కు రెండు మాత్రమే. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోయినట్టే.

ముందుగా తెలుసుకోవలసిన లెక్కలు

ఇవి ప్రభుత్వమే అందరికీ చెప్పే విషయాలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ సేవలు ఉచితం. కొండాపూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, పాతబస్తీ వైపు పేట్లబుర్జు, కోఠి వైపు సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి.

మామూలు కాన్పు అయితే ట్యూబెక్టమీ ఏడు రోజుల లోపు చేస్తారు. అది దాటితే ఆరు వారాలు ఆగాలి. పెద్దాపరేషన్ అయితే దానితో పాటే చేయవచ్చు, మళ్ళీ మత్తు అవసరం లేదు. ట్యూబెక్టమీ తరువాత కూడా 200 మందిలో ఒకరికి గర్భం రావచ్చు, కనుక నెల తప్పితే పరీక్ష చేయించుకోవాలి.

మగవారికి చేసే వేసెక్టమీ దీనికంటే చిన్నది. కడుపు కోయరు, పూర్తి మత్తు ఇవ్వరు, అదే రోజు ఇంటికి పంపుతారు. మగతనం తగ్గదు, బరువులు ఎత్తే శక్తి పోదు. మూడు నెలల తరువాత వీర్యపరీక్ష చేసి సరిచూసేదాకా మాత్రం వేరే జాగ్రత్త అవసరం. మూడు పెద్దాపరేషన్లు అయిన భార్య కడుపును నాలుగోసారి కోయించడానికి సంతకం పెట్టే భర్తలు ఒకసారి ఇది ఆలోచించాలి.

కతోలిక కుటుంబాల వారు తమ మనస్సాక్షి గురించి విచారణ గురువులతో మాట్లాడుకోండి. మా పని నిజం చెప్పడం, తీర్పు చెప్పడం కాదు.

అమెరికాలో ఉన్న మీ అమ్మాయికి

ఈ కారిడార్ నుండి డల్లాస్‌కో, న్యూజెర్సీకో వెళ్ళిన పిల్లలు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. అమెరికాలో దాదాపు ప్రతి ఏడు ఆసుపత్రి పడకల్లో ఒకటి కతోలిక ఆసుపత్రిదే. పేరు చూస్తే అన్నిసార్లూ తెలియదు. అక్కడా ఇదే నియమం. కాన్పుకు అమ్మ వెళ్ళేటప్పుడు ఊరగాయలతో పాటు ఈ మాట కూడా తీసుకుని వెళ్ళండి: ఇన్సూరెన్స్ ఏ ఆసుపత్రికి చెల్లుతుందో చూసిన రోజే, అక్కడ ఏం చేస్తారో, ఏం చేయరో కూడా అడగమని చెప్పండి.

ఏ ఆసుపత్రికి వెళ్ళినా అడగవలసిన నాలుగు ప్రశ్నలు

1. కాన్పుతో పాటు ట్యూబెక్టమీ ఇక్కడ చేస్తారా?
2. చేయకపోతే ఏ నెల లోపు నేను వేరే ఆసుపత్రికి మారాలి?
3. ఇది నాకు ఎన్నో పెద్దాపరేషన్? ఇంకో గర్భం వస్తే ప్రమాదం ఎంత?
4. నా కాగితాలన్నీ ఎప్పుడు ఇస్తారు?

ఏడో నెల నిండేలోగా ఈ నాలుగూ అడగండి. పక్కింటి గర్భిణికీ, మీ భవనం కట్టే కూలీల క్యాంపులో ఉన్న చెల్లెళ్ళకూ చెప్పండి. వారికి ఈ పత్రిక అందదు, అందినా చదివేవారు ఉండరు.

ఆ తల్లి నలుగురు పిల్లలతో ఇప్పుడు క్షేమంగా ఉంది. చిన్నదానికి జ్వరం వస్తే ఇప్పటికీ మన దగ్గరికే తెస్తుంది. మొన్న వచ్చినప్పుడు వెంట తమ క్యాంపులోని ఒక కొత్త గర్భిణిని తీసుకుని వచ్చింది. నేను నోరు తెరవకముందే ఆమే ఆ అమ్మాయికి చెప్పింది, "ఈడ ఆ ఆపరేషన్ చెయ్యరు, ఇప్పుడే ఆలోచన చేసుకో." బోర్డు మీద మేము రాసినదాని కంటే ఆ మాట బాగా అర్థమయింది ఆ అమ్మాయికి.

దేవుడు మీ ఇళ్ళను, మీ తల్లులను, బిడ్డలను దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్